స్టీలు డబ్బా

నిలబడ్డప్పుడు ఎవరికీ తెల్వదు.
వంగినప్పుడే తెలుస్తది.

దేవరకొండల ఎక్కిన ముసలామె
కొంగుముడి విప్పి ఆధార్ కార్డు తీసేదాకా
సీటు కమ్మి పట్టుకొని వంగి ఉంటా.
ఆమె చూపు నా చేతిల మిషన్ మీద ఉండదు,
నా పాపిట మీద ఉంటది.
"ఏం బిడ్డా, జరమొచ్చి లేచినవా?"
జీరో టికెట్ చింపి చేతిల పెడత.
మల్లేపల్లి దాటినంక ఇంకొకామె అదే అడుగుతది.

మార్చిల మొదలైంది.
ముందు దిండు మీద నాలుగు.
తర్వాత బాత్రూం జాలీ కాడ నీళ్ళు నిలబడ్డయ్.
ఖాకీ చొక్కా భుజం మీద నల్లగ కనబడితే
దారప్పోగనుకొని దులుపుకున్న,
డ్యూటీ దిగేసరికి మళ్ళా ఉన్నది.
జడకు రెండు చుట్లు తిరిగే రబ్బరుబ్యాండు
మూడు తిరిగింది, నాలుగు తిరిగింది.
ఇరవై ఆరేండ్లు నాకు.

బోరు నీళ్ళన్నరు. దిష్టి అన్నరు.
నైట్ హాల్టులు పడక అన్నరు డిపోల.
మేనత్త బాలకిష్టమ్మ గుంటగలగరాకు నూరి
ఇనుప మూకుట్ల నూనె కాచి పంపింది.
ఉల్లిగడ్డ రసం రాసుకొని పోయిన నాడు
ఎవరో బజ్జీలు తెచ్చిండ్రని
వెనుక సీటు పోరగాడు కిటికీ తెరిచిండు.
నవ్వొచ్చింది. నవ్విన కూడా.
గుర్రంపోడు దాకా నవ్వి, ఆనక
చిల్లర లెక్క తప్పి
పన్నెండు రూపాయలు చేతి నుంచి కట్టిన.

సెలవు దొరకడానికే ఇరవై రోజులు.
నల్గొండ గడియారం సెంటరు వెనుక సందుల మెట్లెక్కి
పదిహేడో నంబరు చీటీతో కూచున్న.
అందరం కొంగో చున్నీయో కప్పుకున్నోళ్ళమే.
ఒకరి దిక్కు ఒకరం చూస్తలేము.
ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా
అందరి చేతులూ నెత్తి మీదికి పోతున్నయ్.

డాక్టరమ్మ వేళ్ళ మధ్య చిన్న పాయ పట్టి
మెల్లగ గుంజింది. నొప్పి లేదు.
ఊడొచ్చినవి తెల్లకాయితం మీద పరిచి
పెన్ను మొనతో లెక్కబెట్టింది,
నేను కలెక్షన్ అప్పజెప్పేకాడ
క్యాషియర్ లెక్కబెట్టినట్టు.
తొమ్మిది.
థైరాయిడ్ మంచిగనే ఉన్నది. రక్తం మంచిగనే ఉన్నది.
జరం లేదు, కాన్పు లేదు, ఇంట్ల ఎవరికీ లేదు.
"ఎందుకో చెప్పలేనమ్మా" అన్నది.
కోపం రాలె.
ఇన్ని నెలల్ల తెల్వదన్నది ఆమె ఒక్కతే.

చుక్కల మందు రాసిచ్చింది.
మొదట్ల ఇంకా రాలొచ్చు, భయపడి ఆపొద్దు,
ఆరు నెలలు చూద్దాం.

వచ్చేటప్పుడు సీట్ల కూచున్న, ప్యాసింజర్ లెక్క.
ఆ బండి కండక్టరు పక్క సీటామె కోసం వంగింది.
పాపిట సన్నగ, సూటిగ ఉన్నది.
నేను కూడా చూసిన. అందరి లెక్కనే చూసిన.

ఇంటికొస్తే వాకిట్ల టీవీఎస్ బండి.
ఎంట్రుకలకు స్టీలు సామాన్లు, ఎంట్రుకలకు స్టీలు సామాన్లు,
మైకు ఒక్కటే మాట.
తలుపు వెనుక మేకుకున్న కవరు
అమ్మ తీసి ఆయన చేతికిచ్చింది.
నిరుడు ఇద్దరివి కలిపినా చాయ్ జాలీ కూడా రాలె.
ఈసారి తరాజుల వేసి, ముల్లు చూసి,
"మంచి పొడుగున్నయక్కా" అన్నడు.
మూత, క్లిప్పు, లోపల కూర గిన్నెతో సహా
డబ్బా తీసిచ్చిండు.
అమ్మ మురిసింది.
మురిసినట్టు తనకే తెలిసి
డబ్బాను కొంగు కింద దాచింది.
"ఇటియ్యి, నాకే పనికొస్తది" అన్న.

తెల్లారగట్ల నాలుగున్నర.
పాపిట విడదీసి చుక్కలు వేసుకుంట.
చల్లగ చెవి దాకా జారుతయ్.

కనగల్లు కాడ బండి పక్కకు ఆపి
డ్రైవర్ జంగయ్యన్న, నేను
ఫుట్‌బోర్డు మీద కూచొని సద్ది విప్పినం.
"కొత్త డబ్బా! ఎంత పడ్డది నవనీతా?"
తులాలల్ల చెప్పాల్నా, నెలలల్ల చెప్పాల్నా.
టమాట పప్పు సగం ఆయన మూతల వంపి
"అగ్గువకే వచ్చిందన్నా" అన్న.
"మూత గట్టిది.
ఇన్ని గుంతలల్ల ఒక్క చుక్క కారలె."