ఊలె రంగు

పదకొండు దాటాక నీలం రావడం మొదలవుతుంది.
ప్లాస్టిక్ పలక మీద తొంభై ఆరు చిన్న గుంటలు,
ఒక్కో దాంట్లో ఒక్కో పశువు చెవి నరం నుంచి తీసిన
నెత్తుటి తేట.
ఆమ్లం చుక్క పడగానే నీలం ఆగి పసుపవుతుంది.
ఎంత ముదురు పసుపైతే అంత పోరాటం జరిగినట్టు.
జరిగిందని మాత్రమే.
జరుగుతోందో లేదో పలక చెప్పదు.
అదేదో చెప్పమనే అందరూ నన్నడుగుతారు.

బాన్సాంగ్‌కి ఎగువన, గాంబియా నది వంపులో,
ఒడ్డు చెట్ల చీకట్లో సెట్సీ ఈగ కాపురం.
అది కుట్టినప్పుడు నెత్తుట్లోకి దిగేవాడికి
చొక్కాలు వందల కొద్దీ.
ఆవు ఒళ్ళు ఓపిగ్గా ఆ చొక్కా ఆనవాళ్ళు రాసుకుని,
కొలతలు తీసి, సరిగ్గా దానికే సరిపోయే ప్రతిరక్షకాల్ని
లక్షల్లో పోతపోసి పంపేసరికి
వాడు వేరే చొక్కా తొడుక్కుని
అదే వీధిలో ఎదురొస్తాడు.
మళ్ళీ రాసుకోవాలి. మళ్ళీ కొలవాలి.
దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టని
నవ్వబోకండి.
ఆ మొరుగుడు కూడా లేకపోతే
మూపురం లేని ఈ పొట్టి ఆవుల మంద
ఒక్క వానాకాలం దాటదు.

నేను సోనింకె ఇంట పుట్టినదాన్ని.
పుల్లో వాళ్ళ పశువుల పేర్లు నాకు తక్కో నేర్పింది.
నాలుగో ఆడపిల్ల కనక తక్కో,
ఐదో మగపిల్లాడు కనక ఆమె మొగుడు పాతె.
మనుషులకు వరస పేరు, ఆవులకు రంగు పేరు.
ఊలె అంటే పసుపు.

ఊలె ఈనిన పదిహేడో రోజున
నీళ్ళకని దిగి నది బురదలో కూరుకుపోయింది.
ఒళ్ళు అప్పటికే ఎముకల గూడు,
తాళ్ళు కట్టి లాగినా లేవలేదు.

రెండో నెల్లో దాని దూడకి సూది గుచ్చాను.
సూక్ష్మదర్శినిలో ఒక్క పురుగూ ఈదలేదు,
నెత్తురు చిక్కన బాగానే ఉంది,
ఇంటి దగ్గర తాడు వదిలి వెళ్ళలేదు, ఈగ ముఖం ఎరగదు.
పలక మీద మాత్రం
దాని గుంట అన్నిటికన్నా పసుపు.

నోరు ఊరుకోక చెప్పేశాను తక్కోకి:
ఇది దూడది కాదు, తల్లిది.
మొదటిరోజు తాగిన జున్నుపాలలో వచ్చింది.
తల్లి ఎరిగిన చొక్కాలన్నీ
చదువురాని ఈ పిల్ల ఒంట్లో ఉన్నాయి.
తక్కో దూడ చెవి పట్టుకుని వెలుతురుకెత్తి
చాలాసేపు చూసింది,
అక్కడేదో కనిపిస్తున్నట్టు.
"మేం ఆ పాలు పితకం," అంది. "అవి దూడవే."

తర్వాత నేనెప్పుడు పోయినా
పాలు అమ్మి వచ్చిన డబ్బు లెక్క ఆపి మరీ అడిగేది:
"ఇంకా ఉందా?"
దూడ గురించి కాదు.
ఉంది, అనేదాన్ని. పలచబడింది, కానీ ఉంది.
మూడో నెలలో గోధుమగడ్డి రంగు.
నాలుగో నెలలో
గుంటలో ఉన్నవి వట్టి నీళ్ళా అనిపించింది.
యంత్రంలో రెండుసార్లు పెట్టాను.

నా పుస్తకంలో అది శుభవార్తే.
రోగం లేదు, ఆనవాలు లేదు, గీత గీసి పక్కన సున్నా.
పడవ దిగి నడుస్తూ
ఆ సున్నాని ఏ మాటల్లో పెట్టాలో వెతుక్కున్నాను.
దొరక్క, లేదు, అన్నాను.

తక్కో ఏడవలేదు. దూడ పక్కటెముకలు తడిమింది.
"అయితే ఇక దీని నెత్తురు దీనిదే," అంది.
దూడలన్నిటినీ కట్టే పొడుగు తాడు దగ్గరికెళ్ళి
ముడి విప్పింది.
పాతె అరిచాడు, నది వైపు పోతుందే, ఈగలున్నాయని.
"ఎప్పటికైనా పోవాలిగా," అంది,
అతని వంక చూడకుండానే.

నేను సూదులు సర్దుకుంటున్నాను.
మంద దుమ్ము రేపుకుంటూ చెట్ల వైపు కదిలింది.
వెనకాల, కాస్త దూరంగా, దూడ.
తోక అటూ ఇటూ విసురుకోవడం
దానికి అప్పటికే వచ్చు.