అందించని మాట

పరదా ఎనక, ఎడమపక్క,
పెట్రోమాక్సు లైట్ల కాలంనుంచి నాదే ఆ చోటు.
ముందర ఉరుకుందప్ప, రాజు.
ఎనక నేను, చేతిలో చమురంటిన నోటుబుక్కు.
ఆయప్ప నాలుక తడబడితే
నా నోట్లో మాట ఆయప్ప నోట్లో మొలిచేది.
జనానికి తెలీదు.
తెలీకుండా ఉండడమే నా పనితనం.

ఎమ్మిగనూరు నుంచి ఆలూరు దాకా
న్యాయం చెప్పే రాజు వేషమంటే ఆయప్పదే.
కన్నకొడుకు తప్పు చేస్తే
కండ్లల్లో నీళ్ళు కండ్లల్లోనే ఆపి తీర్పు చెప్పే రాజు.
రంగు కడుక్కున్నా జనం కడగనీలేదు.
గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పాళ్ళయినా
జొన్నరొట్టె తింటాండే పళ్ళెం ముందరికే వచ్చి
"నువ్వు చెప్తే స్టాంపుకాగితం రాజా" అనేవాళ్ళు.
చెప్పేవాడు. సరిగ్గానే చెప్పేవాడు.
అదే నాకు ఇప్పటికీ అర్థంగాని సంగతి.

పెద్దతుంబళం జాతర. పంతొమ్మిదేండ్లయింది.
చదివింపుల డబ్బా, ఆరువేల రెండునూర్లు,
తెల్లారేతలికి కాళీ.
"పెట్టె వాయించేటోని పక్కనే గదా పెట్టింది"
అన్యారు ఎవురో.
ఆ ఒక్క ముక్కకు
హార్మోనియం హుసేనప్ప దొంగైపాయె.
పీర్ల మీద ఒకటి, ఈరన్నసామి మీద ఒకటి,
రెండు ఒట్లూ ఏసినాడు.
పెట్టె ఆడ్నే ఇడ్సి
బళ్ళారి జిన్నింగు మిల్లుకు పోయినాడు.

ఆ రాత్రి మూడోజాములో ఒంటికి లేసినా నేను.
కానగచెట్టు కింద, లాంతరు చుట్టూ అందర్-బాహర్.
కిరీటం గూడా తీయకుండా కూచోనుండె రాజు.
చూసినా.
నేను చూసింది ఆయప్పా చూసినాడు.

హుసేనప్ప పెట్టెలో ఒక రీడు మూగది.
తీర్పు పద్యం ఆడికి రాంగానే
ఆయప్ప ఆగి, ఊపిరి మింగి
కింద స్వరానికి దిగేవాడు.
"ఆ విరుపు చూడప్పా, ఇంకెవురికొస్తాది!"
ఈలలు.
కొత్త పెట్టె కొందామంటే
"వద్దులే" అనేవాడు.

నిన్న ఆదోనిలో సన్మానం.
మార్కెట్ యార్డులో పత్తి బోరాల మధ్య షామియానా,
దళారులు చందాలేసి చేయించిన వెండి కిరీటం.
"ఒక్క పద్యం రాజా!"
తీర్పు పద్యమే ఎత్తుకున్యాడు.
మూగ రీడు కాడికొచ్చె. ఆగె.
కిందికి దిగలేదు.
నేను మాట అందించినా. మళ్ళా అందించినా.
నా పక్క తిరిగి, అందరూ చూస్తాండంగానే,
"అది కాదులేప్పా" అన్యాడు.

కిరీటం తీసి పెట్టె మీద పెట్టినాడు.
"పెద్దతుంబళం దుడ్లు తినింది నేను.
హుసేనప్ప కాదు."
రాగం లేదు. చెయ్యి గూడా ఎత్తలేదు.

బోరాల మీద పిచ్చుక కదిలింది ఇనపడె.
ఆమైన లేసినారు జనం,
చప్పట్లు, ఈలలు, "వన్స్ మోర్!"
ఒక ముసలాయప్ప కండ్లు తుడుచుకుంటా
"కొత్త డైలాగు కలిపినాడు, ఏం రాసినారప్పా!"
మళ్ళా చెప్పినాడు. మళ్ళా ఈలలు.
మూడోతూరికి గొంతు పూడకపాయె.
అధ్యక్షులోరు శాలువ కప్పి
మైకు తీసుకున్యారు.

ఆడికే ఆపేయొచ్చు.
చెప్పినట్లూ అయె, పేరూ నిల్చె.
నేనైతే ఆపేసుంటి.

తెల్లారుజామున బళ్ళారి బస్సు.
దవడ కింద రంగు ఇంకా పోలేదు.
పెట్టె ఒళ్ళో పెట్టుకోని కిటికీ పక్క కూచున్యాడు.
కిరీటం ఏమైందో నేనడగలేదు.
"కొడతాడేమోప్పా" అంటి.
"ఉంటే గదా" అన్యాడు.

మర్చిపోయిన మాట అందిచ్చేది నా పని.
పంతొమ్మిదేండ్లు ఆ ఒక్కటి
నా బుగ్గనే పెట్టుకుంటి, వక్కపేడు మాదిరి.
మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు.
కండక్టరు టికెట్లు చింపుకుంటా వచ్చి
"నీకు?" అన్యాడు.

ఎనకనుంచి ఎవురన్నా
మాట అందిస్తారేమోనని చూస్తాండా.