ఉస్తేద్

రాయగడ స్టేషనుకెదురు సందులో మా లాడ్జి.
ఇరవై రెండు గదులు, ఒక కౌంటరు,
వెనక నేను, పందొమ్మిదేళ్లుగా.
పలకరింపే నా కొలువు.
ఒడియా ఆఫీసరుకి నమస్కార్ ఆజ్ఞా,
పార్వతీపురం చింతపండు షావుకారుకి దండాలు బాబూ,
కొండ దిగొచ్చిన సర్పంచికి జుహార్.
మనిషి మెట్టెక్కేలోపే, చెప్పులు చూసి
ఏ నోరు పెట్టుకోవాలో తేల్చేసుకుంటాను.

కాగితం మిల్లులో కొత్త యంత్రం బిగించడానికి
స్పెయిన్ నుంచి బెగోన్యా గారు దిగినప్పుడు
బురద బూట్లు నాకేమీ చెప్పలేదు.
ఫోనులో వెతికి అరచేతిలో రాసుకున్నాను:
పొద్దున్న బ్వేనోస్ దియాస్,
మధ్యాహ్నం దాటితే బ్వేనాస్ తార్దెస్.
చెమటకి ఒక అక్షరం చెరిగి
మొదటి రోజే పగటిని ఆడదాన్ని చేశాను.
ఆవిడ నవ్వలేదు. బోల్టు బిగించినట్టు
అక్షరం బిగించి వెళ్లింది.

వాళ్లకీ మనలాగే రెండున్నాయట.
'తూ' అంటే నువ్వు. ఉలిక్కిపడ్డాను,
మా వైపు అది మాట కాదు, ఉమ్ము.
'ఉస్తేద్' అంటే మీరు.
నాకు ఉస్తేద్. సరే, కౌంటరు కదా.
మేనేజరుకి ఉస్తేద్. అదీ సరే.
పదకొండో నంబరుకి వేన్నీళ్లు మోసిన
దసురు కడ్రకాకి కూడా
కోమో ఎస్తా ఉస్తేద్,
మీరెలా ఉన్నారు?

వాడు వెనక్కి తిరిగి చూశాడు,
మెట్ల మీద ఇంకెవరైనా ఉన్నారేమోనని.
బిసమ్ కటక్ అవతలి ఊరు వాడిది.
నా నోట ఒరే, ఓనరు నోట తు,
గెస్టుల నోట ఏమీ లేదు, చప్పట్లే.
ఆరేళ్లలో వాణ్నెవరూ
బహువచనం చెయ్యలేదు.

ఒక సాయంత్రం కరెంటు పోయి
వీడుకోళ్ల దగ్గరికి వచ్చాం.
అదియోస్ అంటే తలుపు మూసెయ్యడం,
ఆస్తా ల్వేగో అంటే ఓరగా వెయ్యడం, అంది.
మా ఇళ్లలో ఎల్తాను అంటే తిడతారు,
ఎల్లొస్తాను అనాలి, అన్నాను.
ఒడియా వాళ్లయితే గడప దాటుతూ
ఆసుచి, వస్తున్నా, అనే అంటారు.
పోతూ వస్తున్నామంటారా అని
కొవ్వొత్తి వెలుగులో నోటుబుక్కు తీసింది.

నలభయ్యో రోజు, సామాను సర్దుకున్నాక,
విరిగిన ఇంగ్లీషులో అడిగింది:
ఇకనుంచి నువ్వు అనుకుందామా?
నువ్వు అనడానికి ఎవరైనా అనుమతి అడుగుతారా!
సంబరంగా తలూపాను.
దసురునీ అడిగింది.
వాడు తువ్వాలు మడత పెడుతూ చాలాసేపు ఆలోచించి
వద్దమ్మా, అన్నాడు.
ఆ ఉస్తేదే ఉంచండి.

విశాఖ ప్యాసింజర్ ఆమెను తీసుకుపోయింది.
మర్నాడు పొద్దున్న పదకొండులో కొత్త గెస్టు.
నోరు 'ఒరే' దాకా వెళ్లి ఆగింది.
'మీరు' దాకా రాలేకపోయింది.
దసురూ, అన్నాను ఆఖరికి,
వేన్నీళ్లు.

బకెట్టు కింద పెట్టి
బ్వేనోస్ దియాస్, అన్నాడు.
ఒక్క అక్షరం తప్పలేదు.