బి సైడు

ఫర్వానియాలో మూడో అంతస్తు, పదకొండు మందిమి.
టేప్ రికార్డర్ ఒక్కటే.
అది ఓబులేసుది. వాడు డ్యూటీకి పోతే అందరిదీ.

ఉత్తరం రాయడం రాని మాకు
మాట పంపడమూ రాదని ఆ మిషనే చెప్పింది.
ఎర్ర బటను నొక్కి, ఒకసారి దగ్గి,
"అందురూ బాగుండారా, నేను బాగుండా" అన్నాక
ఇంకా ఇరవై తొమ్మిది నిమిషాలు మిగిలేవి.
అవి నింపలేక
కోడిగుడ్ల రేటు, ఏసీ గురక,
పక్కగదిలో మలయాళీలు చేపలు వేయించే చప్పుడు
అన్నీ రాయచోటికి పంపినా.
మార్చి నుంచి జీతం లేదన్నది పంపలా.

సెలవు మీద పోయేవాడి లుంగీ మడతలో క్యాసెట్టు పోతుంది.
ఇంకొకడి ఊరగాయ జాడీ పక్కన
నూనె మరకతో తిరిగొస్తుంది.
ఎ సైడంతా మా నాయన:
బోరు ఎండింది, శెనక్కాయ పాయె, దుడ్లెప్పుడు.
రెడ్డెమ్మ మాట ఒక్కటీ లేదు.
గాజులు మాత్రం రెండుసార్లు.

బి సైడు తిప్పితే ఏదో గరగర.
చెడిపోయిందని ఓబులేసు మిషన్ని నెత్తిన మొట్టినాడు.
హుసేనయ్య మంచం మీద లేచి కూర్చుని
"ఆపొద్దురా, వాన" అన్నాడు.

వాన.
మూడేండ్లకు పడిన వాన.
రేకుల మీద ముందు ఒకటొకటిగా,
ఆనక మూట విప్పి కుమ్మరించినట్టు.
ఆమె ఏమీ మాట్లాడలా.
మిషను గడప దగ్గర పెట్టి పక్కన కూచున్నట్టుంది, అరగంట.
నడుమ ఒక మేక తుమ్మింది.
బయట రోడ్డు తారు చెప్పులకు అంటుకునే మధ్యాహ్నం
పదకొండు మందిమి కాళ్లు ముడుచుకున్నాం,
తడుస్తాయన్నట్టు.

ఒక రాత్రి ఖాదర్‌వలీ చీకట్లో ఆపబోయి
ఎర్ర బటను కూడా నొక్కినాడు.
ఇరవై రెండో నిమిషంలో వాన తెగి
"ఒరేయ్ లైటార్పండ్రా, నాకు నాలుగ్గంటల డ్యూటీ!"
మళ్లీ వాన.
వారం రోజులు వాడితో పలకలేదు నేను.

ఆగస్టులో ట్యాంకులొచ్చినాయి.
దినార్లు కాగితాలైనాయి. సేటు ఎటు పోయినాడో తెలీదు.
బస్సు మీద బస్సు మారి ఇరాకంతా దాటుతుంటే
ఒక చెక్‌పోస్టు కాడ సిపాయి క్యాసెట్టు ఎత్తి చూపినాడు.
ఏముందీ ఇందులో?
నాకొచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో ఒకటి అన్నా:
"మతర్."
నమ్మక, పెట్టి విన్నాడు.
మీసం లేని పిల్లోడు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నా
ఇంకొంచెం విన్నాడు.
రికార్డర్ ఉంచుకుని వాన తిరిగిచ్చినాడు.
ఓబులేసు బొంబాయి దాకా వాణ్ని తిడుతూనే ఉన్నాడు.

జోర్డాన్ సరిహద్దులో గుడారాలు.
నీళ్ల లారీ వెనక డబ్బా పట్టుకుని
పరిగెత్తినాడు ఖాదర్‌వలీ.
ఆ దుమ్ములో కనిపించిన వీపే ఆఖరు.
విమానం జాబితాలో లేడు, ఆస్పత్రి జాబితాలో లేడు.
అడగని ఆఫీసు లేదు.
వాడి డబ్బా మూత నా జేబులో ఉండిపోయింది,
ఎట్లా వచ్చిందో.

నేను తొంభై రెండులో మళ్లీ పోయినా. అప్పు ఆగదు కదా.
సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ క్యాసెట్టు బీరువాలో చూస్తా, వినను.

వాడు విమానమెక్కినాక పుట్టిన పిల్ల గౌసియా,
పన్నెండేండ్లది, ఒకనాడు గుమ్మంలో నిలబడింది.
"మా అబ్బా మాట మీ కాడ ఉందంట."
రెడ్డెమ్మ పెన్సిలు దూర్చి చక్రం తిప్పింది.
ముగ్గురం కూచున్నాం. వాన. మేక.
ఆ నాలుగు క్షణాలు.
పిల్ల ఏడవలా. మళ్లీ పెట్టమంది. మళ్లీ.
ఏడోసారి అడిగింది:
"నాలుగ్గంటలంటే పొద్దునా, సాయంత్రమా?"

తెల్లారుజామున, అన్నా.
తలూపింది, లెక్క సరిపోయినట్టు.

క్యాసెట్టు ఇప్పుడు ఆ పిల్ల దగ్గరే.
మాకు వాన కావాలంటే
వాళ్ల వీధికి పోవాల.