నాలుగో హద్దు

హంటర్ రోడ్డు నర్సరీల నూట ఇరవై పెట్టి
గొడుగు తుంగ కొనుక్కొచ్చిన నాడు
గేటు కాడ కూరగాయల గంప దించుతున్న ఓదెలవ్వ
నవ్వీ నవ్వీ కొంగుతోని కండ్లు తుడుచుకున్నది.
"తుంగను కొన్నవా సారూ!
నలభై ఏండ్లు దాన్ని పీకనీకే నాకు కూలిచ్చిండ్రు."

నాకేం తెలుసు.
నాది కాగితాల సేద్యం.
హన్మకొండ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగట
జిరాక్సు షాపు రేకు కింద ఇరవై ఆరేండ్లుగ
దస్తావేజులు రాసుడు.
తూర్పు: ఫలానా వారి ప్లాటు.
పడమర: ముప్పై ఫీట్ల రోడ్డు.
నాలుగు దిక్కులు నింపితే గాని
భూమి భూమి కాదు మాకు.

పాత కూలర్ తొట్టిల పెట్టిన దాన్ని.
తుప్పు తిన్న మూలకు ఎం-సీల్ ముద్ద,
దోమలు గుడ్లు పెట్టకుండ నాలుగు చేపపిల్లలు.
నర్సరీ ఎర్రమట్టి చూసి ఓదెలవ్వ మూతి తిప్పింది.
తెల్లారి ఆటోల తట్టెడు నల్లమట్టి దిగింది,
ఇంకా తడిగనే, నత్తగుల్లలతోని.
ఎక్కడిదని అడగలేదు నేను.

అన్ని మొక్కలకు నీళ్లెక్కువైతే రోగం,
దీనికి తక్కువైతే.
మే నెలల నల్లా దినం తప్పి దినం వచ్చేటప్పుడు
కొసలు బీడీ అంటినట్టు మాడినయి.
కత్తెర పట్టి కొసలు కత్తిరిస్తుంటే
"మంగలి పనా అది? మొదలంట కొయ్యి" అన్నది.
"సగం కోసింది ఎదగదు,
ఊకె నిలబడి కుళ్లుతది."

కోసిన కాడను నా చేతిల పెట్టి
మెడ కాడ వేళ్ల నడుమ తిప్పమన్నది.
గుండ్రమే అనుకున్న.
వేలికి అంచు తగిలింది. ఇంకొకటి. ఇంకొకటి.
నాలుగోది లేదు.
మల్ల తిప్పిన, లెక్క తప్పిన గుమస్తా లెక్క.
మూడే.

ఒక కాడ గాలికి విరిగి
తల నీళ్లల్ల, కాలు మీదికి పడ్డది.
తియ్యబోతే చెయ్యడ్డం పెట్టింది ఓదెలవ్వ.
పన్నెండో రోజుకు ఆ గొడుగు నడుమల్నించి
కుట్టుదారమంత తెల్లటి వేర్లు.

జులైల, రాత్రి రెండింటికి, వాన కాదు, చెరువే వచ్చింది.
మా గుండ్లకుంట కాలనీకి
పేరుల ఉన్న కుంట అడ్రసు వెతుక్కుంట వచ్చింది.
స్కూటర్ మునిగింది. నాలుగో మెట్టు మునిగింది.
బీరువా కింది అరల దస్తావేజుల నకళ్లు
ఒకదాన్నొకటి కరుచుకొని అట్టలైనయి.
ఎవరి ఉత్తరం ఎవరి దక్షిణంల కలిసిందో.
పొద్దున చూస్తే కూలర్ తొట్టి
గేటు కాడికి తేలిపోయి నిలబడ్డది,
మొత్తం వీధిల అదొక్కటే తేటగ.

నీళ్లు తీసిన మూడు వారాలకు
పక్క ఖాళీ ప్లాటుల, హద్దురాళ్ల నడుమ
తుంగ మొలిచింది. ఇది నా గొడుగు తుంగ కాదు,
పొట్టిది, మొండిది, ఎవరూ కొననిది.
ఓదెలవ్వ చెప్పులిడిచి దాంట్లకు దిగింది.
"ఈడ మత్తడి దుంకేది. ఆడ తూము.
ఇగో, నీ కిచిడి వాసన వచ్చే కాడ
మేం ముప్పై మందిమి నాట్లేసినం."
కోపం లేదు గొంతుల. దుకాణాలు చూపించినట్టే చూపించింది.

ఆ ప్లాటు కాగితం నా చేతిరాతే.
ఉత్తరం: ఇతరుల ఖాళీ స్థలం, అని రాసిన.
ఆ ఇతరులు ఎవరంటే, నీళ్లు.
శిఖం అనే మాట తెలిసి గూడ రాయలేదు.
రాసుడుకు ఐదు వందలు, రాయకపోవుడుకు ఇంకొన్ని.

ఓనరు ఫోన్ చేసిండు, గడ్డి పీకించుండ్రి, కూలి పంపుత అని.
ఓదెలవ్వ ఒక్క మొక్క పీకి చూపించింది:
వేరు వెంట నల్లగ గడ్డలు, తెగిన పూసల దండ.
"ఎన్ని రోజుల కూలి కావాలె సారూ? చెప్పు,
పీకుతనే ఉంట."

ఇయ్యాల నల్లా రాలే.
తొట్టిల నీళ్లు నాలుగు వేళ్లు తగ్గినయి.
తాగే బిందెల్నించి రెండు చెంబులు పోసిన,
చేపపిల్లలు మీదికొచ్చి చూసినయి
ఎవరు బాకీ కడుతున్నరో అని.