సముద్రానికి నలభై లారీలు

ఓడ ఎక్కని మనిషి రాసిన
ఓడదొంగల నవల అది.
ఆరొందల పన్నెండు పేజీలు.
దామెర్ల హైమవతి గారు రేవు కస్టమ్స్ ఆఫీసులో
ముప్పయ్యేళ్ళు సరుకుల జాబితాలు టైపు కొట్టి,
మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక
అదే మిషను మీద
నల్లంచు నాంచారిని సముద్రంలోకి వదిలారు.

నాంచారి బంగారం ముట్టదు.
దీపస్తంభాల వెలుగు దోచుకొచ్చి
జాడీల్లో ఊరబెడుతుంది, ఉసిరికాయల్లాగా.
ఆమె ఓడకి లంగరు లేదు.
ఆగాలనిపిస్తే జడ నీళ్ళలోకి వదులుతుంది,
ఓడ ఆగుతుంది.

ఆమెను రెండు గంటల పది నిమిషాల్లో
ఇరికించడం నా పని.
కోడంబాక్కంలో, మెట్ల కింద గదిలో,
ఎర్ర పెన్సిలుతో.

మొదట తిమింగలాల సంత పోయింది.
తరువాత జాడీలు.
"ఊరగాయ దొంగతనం ఎవడు చూస్తాడయ్యా,
పెట్టె పెట్టు, పెట్టెలో బంగారం పెట్టు"
అన్నారు నిర్మాత పసుమర్తి గారు.
పెట్టాను.
జడకి గ్రాఫిక్స్ ఖర్చెక్కువట.
లంగరు వేశాను.

రెండొందల పదకొండో పేజీ మాత్రం
ఎవరూ అడక్కుండా నేనే కొట్టేశాను.
యుద్ధం అయ్యాక, చచ్చిన ఒక్కొక్కరికీ
ఒక్కో ఉప్పుకల్లు నాలిక మీద పెట్టుకుని
తెల్లారేదాకా మాట్లాడకుండా కూచుంటుంది నాంచారి.
అక్కడిప్పుడు ఒక ఫైటు ఉంది.
సంతకానికి వచ్చిన రోజు
హైమవతి గారు ఆ పేజీ ఊసెత్తలేదు.
కాఫీలో చక్కెర చాలదన్నారు, అంతే.

సాలిగ్రామంలో ఓడ లేచింది.
ఏకాంబరం మేస్త్రి, కాశిమేడులో నిజం పడవలు చెక్కిన చెయ్యి,
ప్లైవుడ్డు మీద తట్టి నవ్వేవాడు:
"ఇది మునగదు సార్.
మునగాలంటే ముందు తేలాలి గదా."

సముద్రం లారీల్లో వచ్చింది.
మే నెల. నలభై ట్యాంకర్లు.
నీలం రంగు పొద్దున కలుపుదామనుకున్నారు.

గోడ అవతలి వీధిలో
పదకొండు రోజులుగా కుళాయి దగ్గుతోందే గాని
చుక్క ఉమ్మలేదు.
మనుషుల బదులు బిందెలే వరసలో నిలబడ్డాయి,
ఆకుపచ్చవి, కుంకుమరంగువి,
మూతి సొట్టపోయిన ఒక వంకాయరంగుది.

వాచ్‌మన్ జ్వరమని పోయాడు.
కాపలాకి నన్ను పెట్టారు,
రచయిత కదా, ఎలాగూ నిద్రపోడని.

ఒంటిగంటకి గోడ మీద ఒక కాలు.
మెట్టెలు.
ఆ వెనక కుచ్చిళ్ళు నడుంలో దోపుకున్న ఇంకొకావిడ,
ఆ వెనక గోడ పొడుగునా తలలు.
కేకల్లేవు, కత్తుల్లేవు.
అట్టఫిరంగుల కిందుగా వంగి
సముద్రాన్ని బిందెల్లో ముంచుకుంటున్నారు.
ముందున్న పెద్దావిడ నన్ను చూసింది.
వంగి ఉన్న భుజం మీంచి
నెరిసిన జడ జారి నీళ్ళలో పడింది.
ఆగింది.
వెనకాల అందరూ ఆగారు.

నేను లేచి లైటు ఆర్పేశాను.

తెల్లారేసరికి సముద్రం జానెడు తగ్గింది.
ఓడ అడుగున మేకులు బయటపడ్డాయి.
ఏకాంబరం మేకుల్ని చూసి, నన్ను చూసి
"ఆటుపోట్లు ఉంటాయి సార్" అని తారు పూశాడు.
పసుమర్తి గారు లారీవాణ్ణి తిట్టారు.
రంగు మరీ చిక్కనైంది.

హైమవతి గారికి ఫోన్లో చెప్పాను.
అటునుంచి చాలాసేపు ఫ్యాను చప్పుడే.
"ఎంతమంది?"
లెక్కపెట్టలేదన్నాను.
"పెట్టాలి నాయనా. నాంచారి పెడుతుంది."

ఫైటు ఇంకా తియ్యలేదు, గురువారం ఉంది.
రబ్బరు తీసుకుని
ఆ పేజీ మీది గీతను చెరిపి చూస్తున్నాను.
ఎర్ర పెన్సిలు పూర్తిగా పోదు.
కాస్త గులాబీ అవుతుంది,
అడుగున అక్షరాలు
తడిసిన కాళ్ళ గుర్తుల్లా ఉన్నాయి.