నూటపద్నాలుగో వరుస

శుక్రవారం, రాత్రి రెండున్నర.
గచ్చిబౌలిలో తొమ్మిదో అంతస్తు. ఏసీ చప్పుడూ, నేనూ.
తెర మీద ఒక ఫైలు, అందులో నూటపద్నాలుగో వరుస:
ఖాళీగా ఉంచాల్సిన మిషన్లు, అరవై.
పక్కన హ్యాష్ గుర్తు వెనకాల ఎవరిదో మాట:
"ముట్టుకోకు భాయ్. సోమవారం తెలుస్తుంది. ఇంతియాజ్."

ఇంతియాజ్‌ని నేను చూడలేదు.
నేను చేరేనాటికే వెళ్ళిపోయాడు.
అతని టిఫిన్ డబ్బా మూత మాత్రం
ప్యాంట్రీ అరలో ఇంకా ఉంది.

ఇవి ఉండీ లేని మిషన్లు.
ఒక పెద్ద మిషను నిద్రలో కనే చిన్న చిన్న మిషన్లు.
పొద్దున ఎవరో పాస్‌వర్డు కొడితే
ఒకటి లేచి వాళ్ళ పేరు పెట్టుకుంటుంది,
సాయంత్రం దాకా వాళ్ళదే.
లాగౌట్ కాగానే పేరూ పనీ అన్నీ మరిచిపోయి
మళ్ళీ వచ్చి వరుసలో నిలబడుతుంది.

"పనిలేకుండా అరవై ఎందుకమ్మా, దండగ"
అన్నాడు సుధీంద్ర. లెక్క చూస్తే నిజమే.
అరవై చెరిపి ఇరవై రాశాను.
సేవ్.
ఏమీ కూలలేదు.
ఒక్క పచ్చదీపమూ ఎర్రబడలేదు.

తెల్లారి బోరబండ దగ్గర క్యాబు నెమ్మదించింది.
అడ్డా మీద జనం. తట్టలు, పారలు, రంగు బ్రష్షులు.
ఒకామె అద్దం మీదికి వంగి
"ఎంతమంది గావాలె మేడం?" అంది.
చెయ్యి ఊపాను.
అప్పటికే ఆమె వెనక బండి వైపు తిరిగింది.
"గీళ్ళు ఊకె కూసున్నరు అనుకుంటరు గనీ
కూసునుడు గూడ పనే మేడం" అన్నాడు నర్సింలు,
"నేను రాత్రంత మీ గేటు కాడ జేసిందేంది మరి?"
నవ్వాను. నిద్రపోయాను.

సోమవారం, తొమ్మిదీ అయిదు.
పోచారంలో మూడొందల మంది హెడ్‌సెట్లు తగిలించుకుని
గిరగిరా తిరిగే చిన్న సున్నాను చూస్తున్నారు.
ఇరవై మంది లోపలికి పోయారు.
మిగతావాళ్ళ మిషన్లు ఇప్పుడే పుడుతున్నాయి,
ఒక్కొక్కదానికీ నాలుగు నిమిషాల పురుడు.
ఫోన్లో సుధీంద్ర. మళ్ళీ సుధీంద్ర.

నూటపద్నాలుగో వరుస.
ఇరవై చెరిపి అరవై రాశాను,
ఒక క్షణం ఆగి అరవై రెండు చేశాను.
ఆ రెండూ ఎందుకో ఎవరికీ చెప్పలేను.
ఇంతియాజ్ మాట కింద
హ్యాష్ గుర్తు పెట్టి
"తెలిసింది భాయ్" అని రాశాను.